ఎరుపంతా గుర్రపుడెక్కేనా?

2001 ఫిబ్రవరి 9న మన ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహం కొల్లేరు మీదుగా పోతూ ఒక చిత్రం తీసింది. ఆంధ్రా యూనివర్సిటీ భూగోళ శాస్త్రవేత్తలు ఆ చిత్రాన్ని కంప్యూటర్లో పరిశీలించి, లెక్కలు కట్టి, 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించారు. ఐదో కాంటూరు లోపల సుమారు 245 చదరపు కిలోమీటర్ల సరస్సు. అందులో 42 శాతం చేపల చెరువులే. వాటి సంఖ్య వెయ్యి దాటింది. మరో 8.5 శాతం పంట పొలాలు, అందులో ఎక్కువ వరి. చెరువుల ఆక్రమణ అప్పటికే ఊరందరికీ తెలిసిన సంగతి. ఆ వ్యాసంలో ఉలిక్కిపడేలా చేసింది మరొకటి ఉంది. చెరువులూ పొలాలూ పోను మిగిలిన సగంలోనైనా తేటనీరు ఉండాలి కదా? అది చిత్రంలో కనబడలేదు. అక్కడున్నదంతా కిక్కిస, గుర్రపుడెక్క లాంటి కలుపే.

అలాంటి చిత్రాన్ని మొదటిసారి చూసినవాళ్లు కాస్త తికమకపడతారు. పచ్చగా ఉండాల్సినదంతా అందులో ఎర్రగా ఉంటుంది. ఉపగ్రహ చిత్రాల్లో మొక్కల్ని ఎర్రగా చూపడం పాత ఆనవాయితీ. కంటికి అందని పరారుణ కాంతిని ఎరుపు రంగుతోనూ, ఎరుపును ఆకుపచ్చతోనూ, ఆకుపచ్చను నీలంతోనూ చూపిస్తారు. మొక్కలు పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడతాయి కాబట్టి ఎర్రగా మండుతున్నట్టు కనబడతాయి. నీరు ఆ కాంతిని దాదాపు మొత్తం మింగేస్తుంది కాబట్టి నల్లగా ఉంటుంది. అందుకే ఏ సరస్సులోనైనా నీటి మీద మొక్క ఎక్కడ ఉందో ఉపగ్రహం ఇట్టే చెప్పేస్తుంది. అది ఏ మొక్కో చెప్పడమే కష్టం. ఈ ముప్పై, నలభై ఏళ్లుగా ఈ రంగంలో పనిచేసేవాళ్ల తిప్పలన్నీ అక్కడే.

గుర్రపుడెక్క మనది కాదు, దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానిది. ఊదారంగు పూలు, పై రేకు మీద నెమలికన్ను లాంటి పసుపు మచ్చ. అందం చూసి తెచ్చుకున్నదే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కు చేరి, కొన్ని దశాబ్దాల్లో అక్కడి కాలువల్నీ వరి చేలనీ ముంచెత్తింది. 1936లో దాన్ని ఏరివేయడం కోసం బెంగాల్‌లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. 1937 ఎన్నికల్లో పార్టీలు దాన్ని నిర్మూలిస్తామని తమ ప్రణాళికల్లో రాసుకున్నాయి. ఒక కలుపు మొక్క ఎన్నికల వాగ్దానం కావడం చరిత్రలో అరుదు. ఆ వాగ్దానం ఏమైందో ఇవాళ్టి మన చెరువులే చెబుతాయి.

దీని బలం రెండు చోట్ల ఉంది. తల్లిమొక్క నుంచి పక్కకు తీగ సాగి, దాని చివర పిల్ల మొక్క పుడుతుంది. తీగ తెగితే పిల్ల వేరే కాపురం పెడుతుంది. ఎండ, వెచ్చని నీరు, నత్రజని, భాస్వరం సరిపడా దొరికితే రెండు వారాల్లోపే పరిమాణం రెట్టింపవుతుంది. ఇక విత్తనాలు అడుగు బురదలో పదిహేను, ఇరవై ఏళ్లు కూడా చావకుండా పడి ఉంటాయి. ఒకసారి మొత్తం ఏరేసినా, నీరు తగ్గి బురదకు ఎండ తగిలిన ఏడాది మళ్లీ మొలుస్తాయి. పైన తెప్ప కట్టిందంటే కింద నీటికి వెలుతురు అందదు, ప్రాణవాయువు తగ్గుతుంది, చేప చస్తుంది, దోనె కదలదు. వంతెన కానాల దగ్గర అడ్డం పడితే వరద వెనక్కి తన్నుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. కొల్లేరు నుంచి సముద్రానికి పోయే ప్రధానమైన దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారిలో ఎక్కడ ఎంత గుర్రపుడెక్క పేరుకుందన్నది లంక గ్రామాలవాళ్లకు పర్యావరణ ప్రశ్న కంటే ముందు ఇళ్లు మునుగుతాయా లేదా అన్న ప్రశ్న.

మొక్క పరారుణ కాంతిని ఎందుకు వెనక్కి కొడుతుంది? ఆకులోని పత్రహరితం నీలం, ఎరుపు కాంతుల్ని పీల్చుకుని వాటితో ఆహారం వండుకుంటుంది. ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. పరారుణ కాంతితో దానికి పనిలేదు. ఆ కాంతి పత్రహరితాన్ని దాటి ఆకు లోపలికి వెళుతుంది. అక్కడ కణాల గోడలు, వాటి మధ్య గాలి గదులు. గోడ నుంచి గాలిలోకి, గాలి నుంచి గోడలోకి మారిన ప్రతిసారీ కాంతి వంగి, చెదిరి, సగానికి దగ్గరగా మళ్లీ పైకే వచ్చేస్తుంది. సబ్బు నీటికి లేని తెలుపు సబ్బు నురగకు వచ్చేదీ ఇందుకే. గుర్రపుడెక్క ఆకు దళసరి, నిగనిగలాడుతుంది, ఒకదాని మీద ఒకటి దట్టంగా పరుచుకుంటుంది. కాబట్టి పరారుణంలో దాని మెరుపు చాలా ఎక్కువ.

పరారుణంలో వచ్చిన వెలుగులోంచి ఎరుపులో వచ్చిన వెలుగును తీసేసి, ఆ తేడాను రెండింటి మొత్తంతో భాగిస్తే మైనస్ ఒకటికీ ఒకటికీ మధ్య ఒక అంకె వస్తుంది. దీన్ని ఎన్‌డీవీఐ అంటారు. 1970ల నుంచి పంటల అంచనాలకు వాడుతున్న సూచీ ఇది. తేటనీటికి ఇది సున్నా దగ్గరో అంతకు కిందో ఉంటుంది. దట్టమైన గుర్రపుడెక్కకు 0.7 దాటుతుంది. సరస్సు మధ్యలో లోతు నీటి మీద 0.7 కనబడితే అది తేలే మొక్కే అని ధైర్యంగా చెప్పొచ్చు. విశాలమైన, లోతైన సరస్సులకు ఇది చాలు.

కొల్లేరుకు చాలదు. లోతు తక్కువ, అంచు ఎక్కడుందో చెప్పడమే కష్టం. కిక్కిస ఉంది, జమ్ము ఉంది, తుంగ ఉంది, తూటికాడ ఉంది, తామర ఉంది. అంతరతామర కూడా గుర్రపుడెక్కలాగే తేలుతుంది. పక్కనే వరి. చేపల చెరువుల్లో నాచు పట్టి పచ్చబడ్డ నీరు. వీటన్నిటికీ ఎన్‌డీవీఐ తలా ఒక ఎత్తున ఉన్నా, ఒకదాని పరిధి ఇంకోదాని పరిధిలోకి చొచ్చుకుపోతుంది. ఎదిగిన వరికీ గుర్రపుడెక్కకూ ఈ ఒక్క అంకెతో తేడా చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చెప్పామన్నవాళ్లను కాస్త అనుమానించాలి.

ఇక్కడే యూరప్ దేశాల సెంటినెల్-2 ఉపగ్రహాలు పని తేలిక చేశాయి. మొదటిది 2015లో, రెండోది 2017లో పైకెళ్లాయి. పదమూడు రకాల కాంతి పట్టీల్లో చూస్తాయి. వాటిలో మూడు పట్టీలు ఎరుపు అయిపోయి పరారుణం మొదలయ్యే అంచున, 705 నుంచి 783 నానోమీటర్ల మధ్య ఉన్నాయి. ఎరుపును పత్రహరితం మింగేస్తుంది, పరారుణాన్ని ఆకు వెనక్కి కొడుతుంది అనుకున్నాం. ఆ రెండింటి నడుమ ఒక నిట్టనిలువు మెట్టు ఉంటుంది. మెట్టు సరిగ్గా ఏ తరంగదైర్ఘ్యం దగ్గర లేస్తుందన్నది ఆకులో పత్రహరితం ఎంతుందో, మొక్క ఆరోగ్యంగా ఉందో లేదో చెబుతుంది. నత్రజని బాగా తాగిన గుర్రపుడెక్కకు మెట్టు కాస్త కుడికి జరుగుతుంది. పండుబారిన మొక్కకు ఎడమకు జరుగుతుంది. పాత చిత్రాల్లో ఎరుపుకొకటి, పరారుణానికొకటి పట్టీ ఉండేవి, మెట్టు ఎక్కడుందో తెలిసేది కాదు.

పరారుణం ఇంకా అవతల, 1,600, 2,200 నానోమీటర్ల దగ్గర మరో రెండు పట్టీలు ఉన్నాయి. అక్కడ కాంతిని మింగేది ఆకులోని నీరు. గుర్రపుడెక్క బరువులో తొంభై శాతానికి పైగా నీరే. ఎండు ఆకులు ఎక్కువగా ఉన్న కిక్కిస పొద ఈ పట్టీల్లో వెలుగ్గా ఉంటే, గుర్రపుడెక్క చీకటిగా ఉంటుంది. వేసవిలో ఈ తేడా బాగా పనికొస్తుంది. వానల తర్వాత కిక్కిస కూడా లేతగా ఉన్నప్పుడు అంతగా పనికిరాదు.

అయితే ఇన్ని పట్టీల కంటే గొప్ప సాయం చేసేది క్యాలెండర్ అని నా అభిప్రాయం. ఒక్క రోజు చిత్రంలో కవలల్లా ఉన్న రెండు మొక్కలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. డెల్టాలో సార్వా ఊడ్పులప్పుడు చేలో నీరే కనబడుతుంది, తర్వాత పచ్చబడుతుంది, కోతలప్పుడు పచ్చదనం ఒక్కసారిగా పడిపోతుంది. దాళ్వాకు మళ్లీ అదే వరస. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక చేలు బోసిపోతాయి. గుర్రపుడెక్కకు ఊడ్పూ లేదు, కోతా లేదు. నీరున్నంత కాలం పచ్చగానే ఉంటుంది. ఒక పిక్సెల్‌కు ఏడాది పొడవునా ఎన్‌డీవీఐ గీస్తే వరిది రెండు మూపురాల గీత, గుర్రపుడెక్కది ఎత్తున సాగే గీత. ఈ సంగతి గోదావరి జిల్లా రైతుకు చెబితే ఇందులో కొత్తేముందని అడుగుతాడు. నిజమే. ప్రాంతాన్ని బట్టి పంటల కాలం తెలిసినవాడు గీసిన పటానికీ, ఎక్కడో కూర్చుని ఒకే సూత్రాన్ని ప్రపంచమంతా వర్తింపజేసినవాడు గీసిన పటానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇదే ఉపాయం సర్కారు తుమ్మకు కూడా పనికొస్తుంది. ఎండిన చెరువుల గర్భాల్లోకి చొరబడే ఈ చెట్టు నడివేసవిలో చుట్టూ గడ్డి ఎండిపోయాక కూడా పచ్చగా ఉంటుంది. కాబట్టి మే నెల చిత్రం చాలు. అక్టోబరు చిత్రంలో వెతికితే అన్నీ పచ్చగానే ఉంటాయి.

ఇక పిక్సెల్ సంగతి. చిత్రంలో కనబడే అతి చిన్న గడి నేల మీద ఎంత చోటు? మీటర్లలో చెబితే ఊహకు అందదు, సెంట్లలో చూద్దాం. 1972లో అమెరికా పంపిన మొదటి లాండ్‌శాట్ గడి దాదాపు ఎకరంన్నర. తర్వాతి లాండ్‌శాట్లది ముప్పై మీటర్ల గడి, అంటే 22 సెంట్లు. కొల్లేరు చిత్రం తీసిన మన లిస్-3 కెమెరాది పదమూడున్నర సెంట్లు. సెంటినెల్-2 మేలైన పట్టీల్లో రెండున్నర సెంట్లు. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల మీద ఉన్న లిస్-4 గడి సెంటు కంటే తక్కువే. కానీ లిస్-4కు మూడే పట్టీలు. సన్నగా చూసే కెమెరాకు రంగులు తక్కువ, రంగులు ఎక్కువున్నదానికి గడి పెద్దది, రెండూ ఉన్నది రోజూ రాదు. ఈ బేరం తప్పదు. ఉపగ్రహానికి అందే వెలుగు కొద్దిపాటిది. దాన్ని ఎన్ని పట్టీలకు పంచాలి, ఎన్ని గడులకు పంచాలి అన్నదే అసలు లెక్క.

గడి చిన్నదైతే ఏం లాభమో చూడండి. ఒక కాలువ మొదట్లో సెంటు మేర గుర్రపుడెక్క ఉందనుకుందాం. అడ్డూ ఆపూ లేకుండా రెండు వారాలకోసారి రెట్టింపైతే, పది రెట్టింపుల తర్వాత, అంటే ఐదు నెలల్లో, 1,024 సెంట్లు. పదెకరాలు దాటిపోయింది. సెంటు దగ్గరున్నప్పుడు ఇద్దరు కూలీలు ఒక పూటలో తీసేస్తారు. పదెకరాలకు యంత్రాలు కావాలి. లాండ్‌శాట్ గడిలో సెంటు మొక్క అంటే ఇరవై రెండో వంతు, చుట్టూ ఉన్న నీటిలో కలిసిపోతుంది. ఉపగ్రహం దాన్ని గట్టిగా పట్టుకునేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. మొదట్లోనే పట్టుకోవాలంటే డ్రోన్ కావాలి, లేదా రోజూ ఆ కాలువ వెంట తిరిగే మనిషి కావాలి. మొదట్లోనే కనిపెట్టడానికి ఉపగ్రహాన్ని మించింది లేదని చెప్పే ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

పటం సరైనదో కాదో తేల్చడానికి నేల మీదికి వెళ్లి చూడాలి. జీపీఎస్ పట్టుకుని, దోనెలో తిరుగుతూ, ఇక్కడ గుర్రపుడెక్క, ఇక్కడ తామర అని రాసుకోవాలి. అడవిలో అయితే చిత్రం తీసిన నెలకు వెళ్లినా చెట్టు అక్కడే ఉంటుంది. గుర్రపుడెక్క ఉండదు. దానికి వేరు నేలలో లేదు. గాలి మళ్లితే ఎకరాల కొద్దీ తెప్ప ఒక ఒడ్డు వదిలి మరో ఒడ్డుకు చేరుతుంది. ఉదయం పదిన్నర ప్రాంతంలో ఉపగ్రహం చూసినదాన్ని మీరు రెండు రోజుల తర్వాత వెతికితే అక్కడ తేటనీరు ఉంటుంది. పటం తప్పనిపిస్తుంది, తప్పు పటానిది కాదు. అందుకే ఈ పనిలో అనుభవమున్నవాళ్లు ముందే ఉపగ్రహం వచ్చే తేదీ చూసుకుని అదే రోజు నీటిమీదికి దిగుతారు.

ఆరోజు మబ్బు పడితే? మనకు ఇదే పెద్ద చిక్కు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గుర్రపుడెక్క ఏపుగా పెరుగుతుంది, వరదకు కొట్టుకొస్తుంది, సరిగ్గా అప్పుడే ఆకాశం మూసుకుంటుంది. కాంతితో చూసే కెమెరాలేవీ పనికిరావు. రాడార్ కావాలి. రాడార్ ఉపగ్రహం తానే సూక్ష్మతరంగాన్ని వాలుగా పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. మబ్బు, రాత్రి దానికి అడ్డు కావు. నున్నటి నీటి మీద పడ్డ తరంగం అవతలికి జారిపోతుంది కాబట్టి నీరు నల్లగా వస్తుంది. గుర్రపుడెక్క మీద పడ్డ తరంగం ఆకుల్లో, కాడల్లో తగిలి నలువైపులా చెదురుతుంది, కొంత వెనక్కి వస్తుంది. కాబట్టి అది తెల్లగా వస్తుంది. గాలికి నీరు అలలెత్తితే అదీ తెల్లబడి మోసం చేస్తుంది. 2014 నుంచి తిరుగుతున్న సెంటినెల్-1, మన ఇస్రో 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 ఈ పనికి పనికొచ్చేవే. రెండింటి తరంగదైర్ఘ్యం ఐదారు సెంటీమీటర్లు.

తరంగం పొడవైతే ఇంకో సుగుణం వస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహంలో రెండు రాడార్లు ఉన్నాయి. నాసా చేసినదాని తరంగం సుమారు 24 సెంటీమీటర్లు. ఇస్రో చేసినదానిది పది సెంటీమీటర్ల లోపు. పొడవైన తరంగం పైన ఆకుల్ని పట్టించుకోకుండా లోపలికి దిగి, నీటి మీద ఒకసారి, నిలువు కాడ మీద ఒకసారి తగిలి, నేరుగా వచ్చిన దారినే బలంగా తిరిగిపోతుంది. కిక్కిస, జమ్ము లాంటి నిలువు మొక్కలు నీళ్లలో నిలబడి ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. పొట్టిగా, ఉబ్బిన కాడలతో తేలే గుర్రపుడెక్కకు ఇంతగా జరగదు. పన్నెండు రోజులకోసారి, మబ్బుల్లోంచి, ఈ తేడా చూపగల ఉపగ్రహం మన దగ్గర ఇంతకు ముందు లేదు.

ఈ ఊహ గాలిలోంచి పుట్టింది కాదు. అమెరికాలోని మహాసరస్సుల ఒడ్డున కిక్కిసకు దగ్గర చుట్టమైన ఒక రెల్లు జాతి, యూరప్ నుంచి వచ్చినది, మైళ్ల కొద్దీ ఆక్రమించింది. మిషిగన్ టెక్ పరిశోధకులు జపాన్ ఉపగ్రహంలోని పాల్సార్ రాడార్‌తో, ఇలాంటి పొడవైన తరంగంతోనే, వసంతంలో, వేసవిలో, శరత్తులో తీసిన చిత్రాల్ని కలిపి అమెరికా వైపు తీరమంతటికీ దాని పటం గీశారు. ఒక్క రుతువు చిత్రంతో అది సాధ్యమయ్యేది కాదు. అక్కడా క్యాలెండరే గట్టెక్కించింది.

గుర్రపుడెక్క పటాలతో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్నదానికి ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సును మించిన పాఠం లేదు. 1980ల చివర్లో అక్కడ మొక్క కనబడింది. రువాండా కొండల నుంచి కగేరా నది తెప్పల్ని మోసుకొచ్చి సరస్సులో పోసేది. కెన్యా వైపున్న వినాం అఖాతం సన్నటి మూతితో సంచిలా ఉంటుంది. లోపలికి వచ్చింది బయటికి పోదు. 1990ల్లో కిసుము రేవులో పడవలు చిక్కుకుపోయాయి, చేపల వేట ఆగింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థవాళ్లు లాండ్‌శాట్, రాడార్ చిత్రాల్ని వరసగా పేర్చి లెక్కగట్టారు. 1998 చివరికి ఒక్క వినాం అఖాతంలోనే 17,000 హెక్టార్ల పైన. ఆ తర్వాత రెండేళ్లలో ఆ విస్తీర్ణం దాదాపు కరిగిపోయింది.

ఎలా పోయింది? రెండు జాతుల ముక్కు పురుగుల్ని అంతకు ముందే ఉగాండాలోనూ, తర్వాత కెన్యాలోనూ వదిలారు. దక్షిణ అమెరికాలో ఈ మొక్కను తిని బతికే పురుగులవి. పెద్దవి ఆకుల్ని గీరి తింటాయి, పిల్లపురుగులు కాడల్ని తొలుస్తాయి. ఘనత వాటిదే అన్నారు ఒక వర్గం శాస్త్రవేత్తలు. కాదు, 1997-98 ఎల్‌నినోకు పడ్డ కుండపోత వానలు, మబ్బులు, అలల తాకిడి మొక్కను దెబ్బతీశాయి అన్నారు మరో వర్గం. ఇద్దరూ అవే ఉపగ్రహ చిత్రాలు చూపించి వాదించారు. విస్తీర్ణం ఎంత, ఎప్పుడు తగ్గింది అన్నది చిత్రం చెప్పింది. ఎందుకు తగ్గిందో చెప్పలేదు. అలలకు దెబ్బతినడానికి ముందు పురుగు బలహీనపరిచి ఉండాలన్న మధ్యేమార్గమే నాకు నమ్మదగ్గదిగా తోస్తుంది. 2006 చివర్లో భారీ వానలు పడి, నదులు పోషకాల్ని మోసుకొచ్చి పోశాక, వినాం అఖాతం మళ్లీ పచ్చబడింది. అదీ ఉపగ్రహాలే చూపాయి.

మన దేశానికీ ఇవే ముక్కు పురుగులు 1980ల్లో బెంగళూరుకు వచ్చాయి, చాలా రాష్ట్రాల్లో వదిలారు. కొన్నిచోట్ల పనిచేశాయి. మురుగు దండిగా చేరే చెరువుల్లో మొక్క పెరిగే వేగం ముందు పురుగు తినే వేగం ఏ మూలకూ చాలదు.

ఇప్పుడు ఈ వర్గీకరణ పని ఎక్కువగా కంప్యూటర్ చేస్తుంది. గుర్రపుడెక్క అని రూఢిగా తెలిసిన కొన్ని వందల గడులు, వరివి కొన్ని, నీటివి కొన్ని నమూనాలుగా ఇస్తే, వాటి పట్టీల అంకెల్ని బట్టి ప్రశ్నల చెట్లు వందల కొద్దీ అల్లుకుంటుంది. కొత్త గడి రాగానే అన్ని చెట్లూ ఓటు వేస్తాయి, ఎక్కువ ఓట్లు వచ్చిన పేరు ఆ గడికి పెడుతుంది. 2001లో లియో బ్రైమన్ రూపుదిద్దిన ఈ పద్ధతి ఇప్పటికీ అందరికీ ఇష్టమైనదే. ఆ తర్వాత వార్త వస్తుంది: 95 శాతం ఖచ్చితత్వంతో కలుపు పటం! ఇక్కడ ఆగి ఒక ప్రశ్న అడగాలి. ఆ ప్రాంతంలో అసలు గుర్రపుడెక్క ఎంత? ఐదు శాతమే అయితే, ఎక్కడా లేదని చెప్పే ఖాళీ పటానికీ 95 శాతం ఖచ్చితత్వం వస్తుంది. కావలసిన లెక్కలు వేరే రెండున్నాయి. నిజంగా ఉన్న గుర్రపుడెక్కలో ఎంత వదిలేశారు? గుర్రపుడెక్క అని రంగు వేసినదాంట్లో ఎంత వరో, తామరో? ఈ రెండూ చెప్పని పటాన్ని ఏ అధికారీ డబ్బు ఖర్చు పెట్టడానికి ఆధారం చేసుకోకూడదు.

నీటి అడుగున పెరిగే మొక్కల జోలికి ఇక్కడ వెళ్లడం లేదు. పరారుణాన్ని నీరే మింగేస్తుంది కాబట్టి వాటిని చూడటం వేరే విద్య. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో డెల్టాలో విమానం మీద వందకు పైగా పట్టీలున్న కెమెరా పెట్టి ఆ పని చేశారు. ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అమెరికాలో కోట్ల డాలర్లు తినేస్తున్న నీటి కలుపుల్లో హైడ్రిల్లా ఒకటి. అది మన చెరువుల్లో చేపలకు నీడనిచ్చే మామూలు మొక్క. అక్వేరియం వ్యాపారులు 1950ల్లో సిలోన్ నుంచి ఫ్లోరిడాకు పట్టుకెళ్లారు. మనకు అమెజాన్ మొక్క శత్రువైతే, వాళ్లకు మన వైపు మొక్క శత్రువు.

ఏళ్ల తరబడి పటాల్ని ఒకదాని మీద ఒకటి పరిస్తే ఒక క్రమం బయటపడుతుంది. గుర్రపుడెక్క అడ్డదిడ్డంగా పెరగదు. పట్టణపు మురుగు కాలువ కలిసేచోట, ఎరువుల నీరు దిగే డ్రెయిన్ మూతి దగ్గర, ప్రవాహానికి కట్ట అడ్డుపడ్డచోట మొదలవుతుంది. కేరళలో వేంబనాడ్ సరస్సు మీద తణ్ణీర్ముక్కం ఆనకట్ట 1970ల్లో వచ్చింది. వరి కోసం ఉప్పునీటిని ఆపేది. గుర్రపుడెక్కకు ఉప్పు పడదు. తలుపులు మూసి ఉన్న నెలల్లో కట్టకు ఎగువన అది విజృంభిస్తుంది, ఉప్పునీరు వచ్చినప్పుడు చస్తుంది. కట్టకు ఈవల ఒక రంగు, ఆవల ఒక రంగు. కొల్లేరుకు 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చాయి. 2006లో చెరువుల గట్లు పగలగొట్టారు. తర్వాతి ఏళ్లలో చెరువులు మళ్లీ వెలిశాయి. కానీ బుడమేరు, తమ్మిలేరు, డెల్టా డ్రెయిన్లు మోసుకొచ్చే నత్రజని, భాస్వరాలు ఏ ఏడూ ఆగలేదు. మొక్క పటం పక్కన మురుగు చేరే చోట్ల పటం పెడితే రెండోది చూసే మొదటిది గీయొచ్చు అనిపిస్తుంది.

అయినా డబ్బు మాత్రం మొక్కను తీయడానికే పోతుంది. గుర్రపుడెక్క తొలగింపు టెండర్లు ఏటా ఎక్కడో ఒకచోట పిలుస్తూనే ఉంటారు. టన్నుల్లో లెక్కకడితే డబ్బు కట్టేది ఎక్కువగా నీటికే. ఎకరాల్లో లెక్కకడితే పని మొదలైన రోజుకు దగ్గరలో ఒకటి, ముగిసిన రోజుకు దగ్గరలో ఒకటి ఉపగ్రహ చిత్రాలు తీసి పక్కపక్కన పెట్టడం ఒక మధ్యాహ్నపు పని. గాలికి పక్కకు కొట్టుకుపోయిన తెప్పకు బిల్లు పెట్టకుండా మొత్తం సరస్సును కొలవాలి, అంతే.

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 చిత్రాలు ఎవరికైనా ఉచితం. ఏలూరుకు దక్షిణంగా కొల్లేరు దగ్గరికి వెళ్లి, ఏప్రిల్ ఆఖరులో మబ్బు లేని రోజు ఒకటి చూసుకుని, ఫాల్స్ కలర్ ఎంచుకోండి. తిన్నటి గట్ల మధ్య నల్లటి గదులు చేపల చెరువులు. గట్ల మీద, ఊళ్ల చుట్టూ ఎర్రటి గీతలు, మచ్చలు కొబ్బరి చెట్లు. కోతలైన చేలు బూడిద రంగులో ఉంటాయి. మిగిలిన ఎరుపులో కిక్కిస ఉంది, జమ్ము ఉంది, గుర్రపుడెక్క ఉంది. ఇప్పుడు ఐదు రోజుల తర్వాతి చిత్రాన్ని తెరిచి రెండింటినీ మార్చి మార్చి చూడండి. నీటి మీద చోటు మారిన ఎరుపు తేలే మొక్కే, చాలావరకు గుర్రపుడెక్క. కదలనిదంతా కిక్కిస అని మాత్రం రాసుకోవద్దు. వలకట్లకూ వంతెన కానాలకూ పట్టేసిన గుర్రపుడెక్క కూడా కదలదు. దానికి దోనె వేసుకుని వెళ్లాల్సిందే.